ముందు కప్పు

పరదేశి ముచ్చట్లకేం, కొండంత. చెరకు గానుగల దగ్గర బెల్లం వంటలు ముగిసి ఎడ్లు ఖాళీ కాగానే తాటాకింటిని పెంకుటిల్లు చేస్తానని చోడవరం బజారంతా చాటాడు. మాడుగుల నుంచి బండెడు కలప దింపించాడు. తీరా పని ఎక్కడ మొదలెట్టాలనే సరికి ముందు వీధి అరుగు కట్టాలన్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె! తాపీ మేస్త్రీ సత్యారావు నవ్వి, ముందు గోడలు బాగుచేసి, తర్వాత కప్పు, ఆ తర్వాత నేల, ఆఖరున అరుగు అన్నాడు. గోడలకే రెండు నెలలు పడుతుందన్నాడు.

పరదేశి పెళ్లాం రాజ్యానికి అంత వ్యవధి లేదు. ఆమెకు మూడో నెల. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కడుపుతో ఉన్న ఆడది ఇంట ఉండగా ఇంటిపని ముట్టకూడదని అత్త అచ్చియ్యమ్మ పట్టు. నాలుగేళ్ల కిందట తొలిచూలప్పుడూ ఇలాగే కలప దిగింది. నెల తప్పిందని తెలిసిన మర్నాడే పని ఆగింది. ఆశ్వయుజంలో ముసురు పట్టి పురిటిగది కప్పంతా కారింది. పిల్ల తొమ్మిది రోజులు బతికింది. అత్త దాన్ని దేవుడి రాత అంది. రాజ్యానికి మటుకు అది ఆ కారిన కప్పు చేసిన పనే.

అందుకే ఎన్నడూ నోరెత్తని మనిషి మేస్త్రీ ఎదుటే తెగించింది. "ముందు కప్పు ఎయ్యండి. గోడలు ఆనక సూసుకోవచ్చు."

మట్టిగోడ పెంకు బరువు మొయ్యదన్నాడు సత్యారావు. అయితే గోడలను నమ్ముకోకుండా స్తంభాలు పాతి వాటి మీద దూలాలెత్తమంది. మేస్త్రీ కాసేపు గడ్డం గోక్కుని, అలా చెయ్యొచ్చన్నాడు. ఇకనుంచి మేస్త్రీ కూలి నీకే ఇవ్వాలని పరదేశి పెళ్లాంతో వేళాకోళమాడాడు.

వేవిళ్లొస్తే దుమ్ము పడటం లేదని చెప్పి పెరట్లోకి పోయేది రాజ్యం. అత్త ఒకసారి పరకాయించి చూసి అడిగితే, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని లేదని ఒట్టేసింది. ఒట్టుకు భయపడే మనిషే, కానీ కప్పు పడేదాకా ఏ భయానికీ తీరిక లేదు. కూలీలు ఇద్దరే రావడంతో పెంకుల తట్టలు తానూ మోసింది. మొయ్యకపోతే పని సాగదు, మోస్తే ఏమవుతుందో అని లోపల పీకుతూనే ఉంది. ఆఖరి వరస పరుస్తుండగా నిచ్చెన పక్కనే నడుం పట్టుకుని కూలబడింది.

పిలిపించిన మంత్రసాని గదిలోంచి బయటికొచ్చి, కడుపు నిలవలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంటూ కోడలి పక్కన చతికిలబడింది. "సెప్పుంటే పనాపేసేవోళ్లం కదే తల్లీ."

"అందుకే సెప్పనేదత్తా," అంది రాజ్యం. "ఈ పసిగుంటనైనా తడవకుండా కందావనుకున్నాను."

పరదేశి తువ్వాలు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

నాలుగో రోజున సత్యారావు వచ్చి, అడగలేక అడగలేక, గోడల పని మొదలెట్టనా, కొన్నాళ్లు ఆగనా అన్నాడు. పరదేశి తల వంచుకున్నాడు. అచ్చియ్యమ్మే కళ్లొత్తుకుని జవాబు చెప్పింది.

"మొదలెట్టు నాయనా. ఇప్పుడడ్డేటీ నేదు."

లోపల మంచం మీదున్న రాజ్యం ఆ మాట విన్నది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పరదేశి పరుగున వెళ్లి పట్టుకున్నా ఆగలేదు.