కుసుమకుమారి మూసిన గూళ్ళు

ఎక్కడి మొరాకో, ఎక్కడి కోటబొమ్మాళి! అక్కడి కొండల్లో బెర్బెరు ఆడవాళ్లు గొర్రె ఉన్నితో నేసిన తివాచీ ఫొటో ఒకటి విశాఖపట్నం మీదుగా వచ్చి ఎల్లాజీ ఫోనులో పడింది. దాన్ని అతని పెళ్లాం కుసుమకుమారి గళ్ళ కాగితం మీదికి ఎక్కించాలి. ఆ కాగితం ముందు పెట్టుకుని కుట్టు షెడ్డులో మిగతా ఆడవాళ్లు చిల్లుల కాన్వాసు మీద ఊలు దారంతో గడికొక కుట్టు వేసుకుంటూ పోవాలి. అంతా అయ్యాక అది ఏ దొరల ఇంట్లోనో దిండు గలీబు అవుతుంది. ఈ పనిని నీడిల్‌పాయింట్ అంటారని డిజైన్లు తెచ్చే అనూరాధ మేడమ్ చెప్పింది. మనవాళ్లు ఊలు కుట్టు అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

కుసుమ ఆ గళ్ళ కాగితం పని చేసేది కుట్టు షెడ్డులో కాదు, టెక్కలిలో డయాలసిస్ మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని. ఎల్లాజీకి రెండు కిడ్నీలూ పోయాయి. ఎందుకు పోయాయంటే నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. రకరకాల వాళ్లు వచ్చి రక్తం పట్టుకెళ్లారు, కారణం మాత్రం పట్టుకురాలేదు. జీడిచెట్టు ఎక్కితే దిగని మనిషి ఇప్పుడు వీధి అరుగు ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నాడు. రోజు విడిచి రోజు ఆటోలో టెక్కలి తీసుకెళ్లి, ఆ మిషను పక్కన పడుకోబెట్టి, మళ్లీ తీసుకురావాలి. అందుకోసం కుసుమ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మానుకుంది. మానుకోక ఏం చేస్తుంది? వచ్చినప్పుడు వస్తానంటే ఏ యజమాని ఊరుకుంటాడు?

ఆమె పని మానడమే ఎల్లాజీకి ముల్లై కూర్చుంది. ఒక పూట అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు జరిపేశాడు.

"ఇంకెన్నాళ్లే ఈ తిరుగుడు? నా ఒంట్లోది ఎలాగూ పోతాది, నీ ఒంట్లోదీ పోతన్నాది. నానింక టెక్కలి రాను. నన్నొగ్గీ," అన్నాడు.

"ఏటి మావా ఆ మాటలు! అది మానేస్తే ఏటవుతాదో తెలిసే అంతన్నావా?"

"తెలిసే అంతన్నాను."

కుసుమ ఏడవలేదు. ఏడిస్తే అతను ఇంకా మొండికేస్తాడని ఆమెకు తెలుసు. అనూరాధ మేడమ్ చెప్పిన మాట చెప్పింది. ఈ మొరాకో గలీబులు మొదటి విడత నచ్చితే, ఇక ముందు వచ్చే ప్రతి డిజైనునూ కాగితం మీదికి ఎక్కించే పని కుసుమదే. మంచం పక్కన కూర్చునే చేసుకోవచ్చు, ఎవరి దగ్గరా సెలవు అడగక్కర్లేదు. అతని కోసం ఆమె ఏదో పోగొట్టుకుంటోందన్న బాధే ఉండదు. అంతవరకూ ఆగమని బతిమాలింది. ఎల్లాజీ జరిపేసిన కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"సరే. నీ పని నిలబడితే వస్తాను. నేకపోతే మరి నన్ను బలవంతం సెయ్యకు. మాటంటే మాటే," అన్నాడు.

చూడండి ఎలాంటి బేరమో! ఒక మనిషి ప్రాణం తీసుకెళ్లి ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల సోఫా దిండుకి కట్టారు. అయినా కుసుమకు ఆ పూట సంతోషమే కలిగింది. వస్తానన్నాడు, అది చాలనుకుంది.

ఇక పనిలో పడింది. పని తేలికేం కాదు. తివాచీలో ముడి నిలువుగా ఉంటుంది, కాన్వాసులో గడి నలుచదరంగా ఉంటుంది. ముడికొక గడి చొప్పున ఎక్కిస్తే తివాచీ నిండా మొన మీద నిలబడి ఉన్న డైమండు ఆకారం నడుం విరిగి చతికిలబడుతోంది. ఆ ఆకారాన్ని ఆడవాళ్లంతా గూడు అనేవారు. కొన్ని వరసల తరువాత ఒక వరస అదనంగా వేసుకుంటూ పోతే గూడు మళ్లీ లేచి నిలబడుతుందని కుసుమ చెరిపి గీసి, చెరిపి గీసి కనిపెట్టింది. తివాచీలో ఎరుపు ఒక్కటి కాదు. అద్దకం అయిపోయి మళ్లీ కలుపుకున్నప్పుడల్లా రంగు మారినట్టుంది. దాన్ని షెడ్డులో ఉన్న మూడు ఎర్ర ఊలు ఉండల్లోకి సర్దింది. గీతలు వంకరగా నడిచిన చోట వంకరగానే నడిపింది. నేసినావిడ చెయ్యి అలసిన చోటు కూడా ఆమెకు తెలుస్తున్నట్టే ఉండేది.

ఒక్కచోటే చెయ్యి ఆగింది. కింది వరసలో కొన్ని గూళ్ళకు గీత చివరిదాకా రాలేదు. మొన దగ్గర కొంచెం ఖాళీ వదిలేసి అక్కడే ఆగిపోయింది. గూడు తెరుచుకునే ఉంది.

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఎల్లాజీ తల్లి కూర్మమ్మ రోజూ తెల్లారి వాకిట్లోకి వచ్చి కోడలు పెట్టిన ముగ్గును గీత గీత వెంట కళ్ళతో నడిచి చూస్తుంది. ఎక్కడైనా గీత కలవకపోతే ఊరుకోదు. ఆమె మొగుడూ ఇదే రోగంతో పోయాడు. పోయిన రోజు పొద్దున్న వాన ముంచుకొచ్చి ముగ్గు సగంలో వదిలేశానని, ఆ సందులోంచే యమభటులు వచ్చి పట్టుకుపోయారని ఆమె గట్టి నమ్మకం.

"ఒలే కుసుమా, గీత కలపకుండా నెగవకు. ఇంట్లో నా కొడుకున్నాడు," అంటుంది.

కుసుమకు మొదట్లో నవ్వొచ్చేది. రోగం ముదిరాక నవ్వు పోయింది. ఇప్పుడు ముసలామె చెప్పకముందే తనే రెండుసార్లు చూసుకుంటోంది.

అలాంటి మనిషి, మొగుడి చేతిలోంచి రక్తం గొట్టంలోకి వెళ్లి వస్తుంటే, ఆ పక్కన కూర్చుని గూడు తెరిచి ఎలా వదులుతుంది? పెన్సిలు ఖాళీ దాకా వచ్చింది. ఆమె ఎల్లాజీ మొహంలోకి చూసింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాలుగైదు గళ్ళ భాగ్యం, ఎవరు చూడొచ్చారనుకుంది. పాపం ఆ నేసినావిడ మరిచిపోయి ఉంటుందని కూడా అనుకుంది. గళ్ళు నింపి గీత కలిపేసింది. ఒకటి కలిపాక మిగతావి వదలడానికి మనసొప్పలేదు. అన్నీ మూసేసింది. మూసిన తరువాత గుండెలో బరువు దిగినట్టయింది.

ఆ కాగితాల ప్రకారమే షెడ్డులో ఆడవాళ్లంతా కుట్టారు. గలీబులు ముచ్చటగా వచ్చాయి. పట్టుకెళ్లిన కొన్నాళ్లకు అనూరాధ వాటిని తిరిగి పట్టుకొచ్చింది. షెడ్డులో బల్ల మీద ఒకటి పరిచి, పక్కన ఫొటో పెట్టింది.

"కుసుమా, ఇక్కడ చూడు. ఫొటోలో ఈ గీత ఆగిపోయింది. ఇక్కడా ఆగిపోయింది. నువ్వెందుకు కలిపేశావు?"

కుసుమ గీత కలిసిన చోట వేలు పెట్టి చూసింది.

"అవి తప్పులు కావమ్మా. నేసినావిడ అలాగే వదిలింది. ఎందుకు వదిలిందో నాకూ తెలీదు. కానీ కొనేవాళ్లు మనసుపడింది సరిగ్గా దాని మీదే. ఇప్పుడివి చూసి మెషీన్ మీద చేశారా అని అడుగుతున్నారు."

"తెరిసి ఒగ్గీడానికి సెయ్యి రానేదు మేడమ్," అంది కుసుమ తలొంచుకుని. "ఇంట్లో మనిషి బాగోనేడు."

అనూరాధకు ఆ రెండు మాటలకూ సంబంధం అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోప్పడలేకపోయింది. చెడ్డ మనిషి కాదు. ఆమె పైనా ఎవరో ఉన్నారు, వాళ్ల పైన ఇంకెవరో ఉన్నారు. వారంలో ఆ కుట్లు విప్పి ఇవ్వగలిగితే మరోసారి పంపి చూస్తానంది.

ఆమె వెళ్లగానే షెడ్డులో గొడవయింది. దుర్గ అని పక్క వీధి పిల్ల, అందరికంటే బాగా కుడుతుంది. తను కుట్టినవి తెచ్చి కుసుమ ఒళ్లో పడేసింది.

"కుట్టమంటే కుట్టినాము. ఇప్పుడు ఇప్పమంటే నావల్ల కాదప్పా. మూసిన దాన్ని నా సేత్తో నాను తెరవను. మా ఇంట్లోనూ సంటిగుంటలున్నారు," అంది.

మిగతా ఆడవాళ్లూ ఒక్కొక్కరే తెచ్చి అక్కడ పెట్టి వెళ్లిపోయారు. తప్పు పట్టడానికేం లేదు. కుసుమ అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెస్తే, కూర్మమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. ఆ పని నా గడప లోపల జరగడానికి వీల్లేదంది. ఇక మిగిలింది టెక్కలి ఒక్కటే.

అలా ఆ డయాలసిస్ మంచం పక్కనే కూర్చుని, ఎక్కడ మూసిందో అక్కడే తెరవడం మొదలుపెట్టింది. కాన్వాసు వెనక్కి తిప్పి చిన్న కత్తెరతో కుట్టు కింద దూర్చి తెంపాలి. ముందువైపు నుంచి ఊలు ముక్కలు లాగేయాలి. పక్క కుట్టు కదలకూడదు. ఖాళీ అయిన గళ్ళను చుట్టూ ఉన్న రంగు ఊలుతో మళ్లీ నింపాలి. కత్తెర పడినప్పుడల్లా ఆమె చూపు ఎల్లాజీ చేతి దగ్గరున్న గొట్టం మీదికి పోయేది. భయం వేసింది. నిజంగా, చిన్నపిల్లకు చీకట్లో వేసినట్టు భయం వేసింది.

"కుట్టినది ఇప్పుతున్నావేటే?" అన్నాడు ఎల్లాజీ.

దాచుదామనుకుంది గాని నోరు ఆగలేదు. మొత్తం చెప్పేసింది. అతను విని నవ్వాడు. ఎన్నాళ్లయిందో అతను నవ్వి!

"ఓసి పిచ్చిమొకమా! నా కోసరం మొరాకో ఓళ్ల తివాసీకి కూడా గడియెట్టీసినావా? నా కిడ్నీలు ముగ్గులోంచే పోయినాయేటి? ఇప్పీ, ఇప్పీ. నాను సూస్తన్నాను, ఎవులొస్తారో."

గొట్టాలు లేని చేత్తో అతనే తెగిన ఊలు ముక్కలు ఏరి దుప్పటి మీద కుప్ప పెట్టాడు. అటు మంచం మీద పడుకున్న ముసలాయన, మీ ఆలుమగలు భలే ఉన్నారర్రా అన్నాడు. కుసుమకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఆ వారమంతా వాళ్లిద్దరూ అలాగే చేశారు. చెప్పిన గడువుకు గలీబులు వెళ్లిపోయాయి. ఎక్కడ గీత ఆగాలో అక్కడ ఆగి, అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఈసారి నచ్చుతాయని ఆమెకు ధైర్యం కలిగింది.

నచ్చాయి కూడా. కానీ ఈలోగా అక్కడి వాళ్ల ఆలోచన మారిపోయింది. అదే తివాచీ బొమ్మను గుడ్డ మీద అచ్చు వేయించుకుంటున్నారట, ఊలు కుట్టు అక్కర్లేదట. మెషీన్ మీద చేశారా అని మూతి విరిచినవాళ్లు చివరికి మెషీన్ దగ్గరికే వెళ్లారు. ఇలాంటి వాళ్లకు ఏం చెబుతాం? అనూరాధ షెడ్డు ఆడవాళ్లందరికీ వరసగా ఫోను చేసి సంగతి చెప్పుకొచ్చింది. సాయంత్రం కుసుమ షెడ్డుకు వెళ్తే దుర్గ చెప్పింది. చెప్పి, మొహం పక్కకు తిప్పుకుంది.

కుసుమ ఇంటికి నడిచి వచ్చేలోపు ఏం చెప్పాలో నిశ్చయించుకుంది. అబద్ధమాడడం ఆమెకు చేతకాదు. అయినా నేర్చుకుంది. గుమ్మంలోనే మొహం నిండా నవ్వు తెచ్చుకుంది.

"మావా, ఒప్పీసుకున్నారట! ఇంక డిజైన్లన్నీ నాయే!"

ఎల్లాజీ ఆమెను కాళ్ల దగ్గర్నుంచి మొహం దాకా చూశాడు. ఊఁ అన్నాడు. పెట్టింది తిన్నాడు. ఆమె గండం గడిచిందనుకుంది.

తెల్లారితే టెక్కలి వెళ్లే రోజు. కుసుమ దుప్పటీ, మందుల సంచీ సర్దింది. వీధిలో ఆటో వచ్చి ఆగింది. టెక్కలికే వెళ్లే మరో ఇద్దరు రోగులు అప్పటికే దాంట్లో ఉన్నారు. ఎల్లాజీ మంచం మీద నుంచి లేవలేదు.

"లెగు మావా, ఆటో వచ్చీసింది."

"ఎల్లిపోమను."

"అదేటి? పని నిలబడింది కదా! మాటిచ్చినావు కదా!"

"నిన్న పగలు మేడమ్ ఫోను సేసినప్పుడు నానే ఎత్తినాను కుసుమా," అన్నాడు ఎల్లాజీ నెమ్మదిగా. "ఆవిడ మంచిదే. సానా బాధపడినాది."

కుసుమ చేతిలో సంచి కింద పెట్టేసింది. అతని కాళ్ళు పట్టుకుంది. తిట్టింది, తల గోడకు కొట్టుకుంటానంది, ఆనాడు మా వాళ్లు వద్దన్నా నిన్నే చేసుకున్నాను కదా అంది. కూర్మమ్మ వచ్చి కొడుకు తల నిమిరింది. మొగుడి సంగతి చూసిన మనిషి, ఈ దారి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఎల్లాజీ ఎవరినీ కోప్పడలేదు. అదే కుసుమకు భరించరానిది అయింది. కోప్పడితే తిరిగి కోప్పడవచ్చు, లాక్కెళ్ళి ఆటోలో పడేయవచ్చు.

"నువ్వు అబద్ధమాడితే నీ మొకం బాగోదే," అన్నాడు. "దినమూ ఆ మొకం సూసుకుంటా ఆ మిసను కాడ పడుకోనేను. నానలిసిపోనాను."

బయట ఆటోవాడు మళ్లీ హారను కొట్టాడు. లోపల కూర్చున్న ఇద్దరికీ వేళ దాటిపోతోంది. వాళ్లకూ ప్రాణాలే. కుసుమ లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. వీధిలోకి వచ్చింది. ఆటోలో ఉన్నవాళ్లు ఆమె మొహం చూశారు. ఒకాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎల్లీండి బాబూ," అంది. "ఈయాల మా ఆయన రాడు."

ఆటో వెళ్లిపోయింది. లోపలికి వస్తే ఎల్లాజీ మంచినీళ్లు అడిగాడు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నీళ్లు విషమే. ఈ రెండేళ్లూ దాహం దాహం అని అతను ఎంత మొత్తుకున్నా కుసుమ చిన్న స్టీలు గ్లాసులో కొలిచి గొంతు తడుపుకోవడానికే ఇచ్చేది, కళ్ళనీళ్లు పెట్టుకున్నా అంతకు మించి ఇచ్చేది కాదు. ఈసారి ఆ గ్లాసు వైపు వెళ్లలేదు. కుండలోంచి చెంబు నిండా ముంచి తెచ్చి, అతని తల ఎత్తి పట్టుకుని, అతను చాలు అనేదాకా తాగించింది.