రెండు రోజుల డబ్బా

పద్దెనిమిది రోజులుగా అన్న నోట్లోకి నీళ్ళు, డాక్టరమ్మ ఇచ్చే లవణాలు, విటమిన్లు తప్ప ఇంకేమీ పోలేదు. బేకరీ నడిపే అతన్ని వీధంతా బొద్దన్న అనే పిలిచేది. మోకాలి ఆపరేషన్‌కు ముందు బరువు తగ్గాలని ఆసుపత్రిలో ఉంచి, కంటికి రెప్పలా కాస్తూ పస్తులు పెడుతున్నారు.

కింది అంతస్తు ల్యాబులో పనిచేసేది సొంత తమ్ముడే. డబ్బాలో పట్టిన అన్న ఇరవైనాలుగు గంటల మూత్రం కొలిచి, అందులో ఎంత నత్రజని పోయిందో చూడటం అతని పని. అది ఎంత పోతే కండ అంత కరిగినట్టు. మొదట్లో రోజుకు పన్నెండు గ్రాములు పోయింది. మెదడుకు చక్కెర కావాలి. తిండి లేకపోతే ఒళ్ళు కండలోని మాంసకృత్తులను కరిగించి మరీ దాన్ని చేసి పెడుతుంది. రోజులు గడిచేకొద్దీ మెదడు కొవ్వు నుంచి పుట్టే ఇంధనానికి అలవాటు పడింది. కండకు కాస్త ఊపిరాడింది. అంకె నాలుగుకు దిగి అక్కడే నిలిచింది.

ఈ సోమవారం ఎనిమిది వచ్చింది.

మళ్ళీ చేశాడు. ఎనిమిదే. ఒంట్లో ఇంత కొవ్వుండగా కండ ఎందుకు కరుగుతోంది? లోపలెక్కడైనా చీము పట్టిందా? గుండె కూడా కండే కదా! కాగితం మీద వేలు పెట్టి మరోసారి చూసుకున్నాడు. మూత్రం చిక్కదనం మారలేదు, పరిమాణమే రెట్టింపయింది. మెట్లెక్కి వార్డుకు పరుగెత్తాడు. అన్న మంచం పక్కనే వదిన ఉంది.

"అన్నా, నిన్న నీళ్ళు ఎక్కువ తాగావా?"

"ఎప్పుడూ తాగేవేరా. ఏం, బంగారం పడిందా అందులో?"

"వదినా, నిన్నటి డబ్బా ఏదీ?"

"ఎప్పుడూ లేనిది ఈ ఆదివారం మీ ల్యాబు తలుపు వేసుంది కదయ్యా! పారబోయడానికి మనసొప్పక ఇవాళ్టి దాంట్లో కలిపేశాను. ఒక్క చుక్క పోకూడదని నువ్వేగా నా ప్రాణం తీశావు!"

తమ్ముడు మంచం అంచున కూలబడ్డాడు. "రెండు రోజులది... అంటే రోజుకు నాలుగే."

"నాలుగైతే మంచిదేనా?" అడిగింది వదిన.

"మంచిదే వదినా. కండ అంతకంటే ఎక్కువ కరగడం లేదు."

"మీ వదిన రొట్టె పొడి కూడా పారేయదు, ఇదెలా పారేస్తుందిరా!" అన్నాడు అన్న. వదిన కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

డాక్టరమ్మ వచ్చి జ్వరం, నాడి చూసి ఫరవాలేదంది. ఆవిడ వెళ్ళాక తమ్ముడు చెయ్యి చాపాడు. "ఏదీ, గట్టిగా పట్టుకో."

అన్న పట్టుకున్నాడు. వేళ్ళు కటకటమన్నాయి. నొప్పి పుట్టింది కూడా. అయినా తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.