రెండు మెట్లు కిందికి దిగి

బాత్‌రూమ్ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఆవిడ మరో గిన్నెడు మరిగే నీళ్ళు టబ్బులో పోసింది. ఉప్పు పొట్లం చింపి ఉన్నదంతా దులిపేసింది. ఆ నీళ్ళలో మెడదాకా మునిగిన భర్త చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మును సీసాలోకి వదులుతున్నాడు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని పేరు పెట్టుకుని బోనులో తన్నుకునేవాళ్ళ లోకంలో అతన్ని గూటం అంటారు. నలభై దాటిన గూటం. విరిగి విరిగి ముక్కు ఎటు వంగాలో మరిచిపోయింది. చెవులు నలిపి పారేసిన కాగితపు ఉండల్లా ఉన్నాయి.

"ఆ కింద సందు కూడా మూయవే, ఆవిరి పోతోంది."

"పోనీండి. ప్రాణం పోవడం కన్నా నయమే."

సాయంత్రం తూకం, మర్నాడు పోటీ. ఒంట్లో నీరంతా పిండేసి, యంత్రం మీద ఆ ఒక్క నిమిషం బరువు హద్దు దాటకుండా నిలబడితే చాలు. ఆ తర్వాత తిని, తాగి ఎంత బరువెక్కినా అడిగే నాథుడు లేడు. ఈ కిటుకు ఆవిడ తమ్ముడిది. బావకి వాడే శిక్షకుడు, వాడే మేనేజరు, వాడే భజన బృందం.

ఈ కిటుకు దొరక్కముందు గూటం వరసగా ఓడిపోయి ఫర్నిచర్ కొట్లో చేరాడు. ఇనప బీరువాను వీపున వేసుకుని, మలుపు మెట్ల మీద గోడకు గీత పడకుండా పైకెక్కించేవాడు. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళెరగని నిద్ర. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ ఆయన చేసినవాటిలో చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేనిది అదొక్కటేనని ఆవిడ లెక్క.

అప్పుడొచ్చాడు తమ్ముడు. "నువ్వు ముసలాడివి కాలేదు బావా. పెద్ద శాల్తీలతో పెట్టుకుంటున్నావంతే. బరువు తగ్గి రెండు మెట్లు కిందికి దిగు. ఆ బరువులో అన్నీ బక్కప్రాణాలే."

దిగాడు. గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. టీవీవాళ్ళు పునర్జన్మ అన్నారు. ఫోనెత్తని చుట్టాలు బెల్లం చుట్టూ ఈగల్లా ముసిరారు. పిచ్చుకల మీద బ్రహ్మాస్త్రం వేసొచ్చి, ఆ మనిషి అద్దం ముందు కండలు తిప్పుకుని మురిసిపోయేవాడు. మొదట్లో ఆవిడకి నవ్వొచ్చేది. ఇప్పుడు రోత.

తమ్ముడు లోపలికొచ్చి బావ నుదురు చూశాడు. "చూశావా అక్కా, చెమట ఆగిపోయింది! పని అయిపోవచ్చినట్టే."

"ఆగితే మంచిదని ఎవడు చెప్పాడ్రా?"

"ఒంట్లో నీళ్ళుంటేగా చెమట పట్టేది? మా లైన్లో అదే గుర్తు."

మాడిన వాసనొస్తే కూర ఉడికిందని సంబరపడే రకం వాడు. ఆవిడ భర్త నుదుటి మీద చెయ్యి వేసింది. పెనంలా కాలింది. వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"తాగండి. తూకం తప్పితే తప్పింది."

అతని చెయ్యి నీళ్ళలోంచి లేచింది. వేళ్ళు గ్లాసును తాకాయి కూడా.

"బావా, ఆ గుక్కే నిన్ను మళ్ళీ బీరువాల కిందికి తోసేది," అన్నాడు తమ్ముడు.

చెయ్యి వెనక్కి పోయింది. "గెలిచేవాణ్ణి మానమంటావేంటే? నన్ను మళ్ళీ కూలీగా చూడాలనుందా నీకు?"

"ఉందండీ. చాలా ఉంది."

అతను మొహం తిప్పుకుని సీసాలోకి ఉమ్మాడు.

సాయంత్రం హాలు నిండింది. బట్టలన్నీ విప్పేసి, తువ్వాలు చాటున గూటం యంత్రం ఎక్కాడు. అంకె సరిపోయింది. జనం ఈలలేశారు. మర్నాడు తన్నులు తినాల్సిన కుర్రాడు చేతులు జోడించి, "చిన్నప్పట్నించీ మీ పోటీలే చూశాను సార్," అన్నాడు. గూటం పెదవులు బిగించి గుప్పిట చూపించాడు. చూపు మాత్రం ఆ కుర్రాడి పక్కనున్న ఖాళీ మీద ఉంది.

పోటీ డాక్టరు అతని కంట్లోకి టార్చి వేశాడు. తన కళ్ళు మాత్రం కెమెరాల మీదే పెట్టాడు.

"ఒళ్ళు కాలిపోతోందండీ, ఒక్కసారి పట్టి చూడండి," అంది ఆవిడ.

"టెన్షనమ్మా. నీళ్ళు పట్టించండి, సర్దుకుంటుంది." సంతకం గీకి, సూటు సర్దుకుని ఫొటోలోకి నడిచాడు.

వెనక గదిలో గూటం బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆవిడ గ్లాసు అతని నోటి దగ్గర వంచింది. నీళ్ళు పెదవి చివర నించి గడ్డం మీదికి కారాయి. మళ్ళీ వంచింది. మళ్ళీ కారాయి. బయట తమ్ముడి గొంతు మైకులో ఖంగుమంటోంది: "మా బావ ఇంకో పదేళ్ళు ఎవరికీ చోటివ్వడు!" ఆవిడ గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది; ఊపిరి తగల్లేదు. చేత్తో గడ్డం తుడిచింది. కేకలు పెట్టలేదు. పిలిస్తే వచ్చేది ఆ డాక్టరే.

"బావా, లే, ఫొటోలకి..." అంటూ వచ్చిన తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆవిడ భర్త మొహాన్నే చూస్తోంది. పై పెదవి లోపలికి పోయి, ఎవరో ముసలాయన మొహంలా ఉంది.

"ఆయన పళ్ళేవిరా?"

వాడు చొక్కా జేబు తడుముకున్నాడు. "తూకానికి ముందు తియ్యమన్నానక్కా... కాస్తయినా తగ్గుతుందని."

జేబురుమాలు విప్పి బెంచీ చివర పెట్టాడు. అందులో ముందు వరస కట్టుడు పళ్ళు, గులాబీ రంగు చిగుళ్ళతో సహా, ఇంకా తడిగా మెరుస్తున్నాయి.