అత్తగారి పియానో మీద బంగారు అక్షరాలు

పియానోలు బాగుచేసే అల్లుడికి అత్తవారింట్లో ఉన్న గౌరవమంతా ఒక్క మాట మీద నిలబడింది. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు, హాల్లో సగం జాగా మింగేసిన అత్తగారి పాత గ్రాండ్ పియానో చుట్టూ తిరిగొచ్చి, బంధువులందరి ముందూ గొంతు సవరించుకుని, "ఇది ఆ పేరుమోసిన కంపెనీదే, సందేహమే లేదు" అని తేల్చేశాడు. మూత మీద బంగారు అక్షరాల్లో ఆ పేరే రాసుంది కాబట్టి అక్షరమ్ముక్క వచ్చిన ఎవడైనా తేల్చగలడు. అయినా అత్తగారి ముఖం చాటంత అయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏ విషయంలోనైనా చివరి మాట అల్లుడిదే.

ఇన్నాళ్లకి ఆవిడ దాన్ని బాగుచెయ్యమంది. తీగలు తుప్పు పట్టాయి, వాటిని కొట్టే చిన్న సుత్తుల మీది ఉన్నిని పురుగులు తినేశాయి. అల్లుడు తీగలన్నీ విప్పాడు. ఇంత గొప్ప సరుకు తన చేతికి చిక్కిందని మురిసిపోతూ, దూదిని మురికి వదిలించే మందులో ముంచి మూత తుడిచాడు. రెండోసారి తుడిచేసరికి పేరులో సగం దూదికి అంటుకుని వచ్చేసింది.

ఆ కంపెనీ వాళ్లు పేరుని ఇత్తడితో చెక్కలో పొదుగుతారు. ఇదేమో ఉత్త రంగు. అల్లుడు టార్చి వేసి లోపలి ఇనుప చట్రం మూల మురికి తుడిస్తే, బడులకి చవగ్గా పియానోలు చేసిచ్చే చిన్న ఫ్యాక్టరీ ముద్ర బయటపడింది. ఎవరి పియానో అయినా ముందు ఇక్కడే చూస్తాడు. ఆ రోజు మాత్రం పెళ్లికూతురి వైపు చూశాడు.

అంతలో అత్తగారు టీ పట్టుకుని రానే వచ్చింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"అత్తయ్యా, ఇది ఆ కంపెనీది కాదు. ఆ రోజు నేను..."

"తెలుసు బాబూ," అంది ఆవిడ తాపీగా. "ఆ పేరు రాసింది నేనే. మా ఆడపడుచు కొత్త పియానో కొని తెగ మిడిసిపడుతుంటే ఒళ్లుమండి రాశాను."

అల్లుడు చేతిలోని దూదిని కిందపెట్టాడు.

"పియానోల మనిషి ఇంటికొస్తున్నాడంటే ఆ రోజు నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆడపడుచు ఎదురుగానే కూర్చుంది. నువ్వు కనిపెట్టేస్తావు, నా పరువు బజారున పడుతుందనుకున్నా. నువ్వేమో అంతా తెలిసి కూడా, అంతమందిలో నన్ను కాపాడ్డానికి తొణక్కుండా అబద్ధం ఆడావు. పిల్లనిస్తే ఇలాంటివాడికే ఇవ్వాలని అప్పుడే అనుకున్నా."

అల్లుడు టీ కప్పు అందుకున్నాడు. తను అబద్ధం ఆడలేదు. నిజంగానే నమ్మాడు. ఆ సంగతి చెబితే పనితనమూ పోతుంది, మంచితనమూ పోతుంది.

"ఇందాక ఏదో చెప్పబోయావు?" అంది ఆవిడ.

"అదే అత్తయ్యా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఆ రోజు అబద్ధం చెప్పాను కదా, అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉంది."

అలా ఆ ఇంట్లో అల్లుడు మొట్టమొదటి అబద్ధం ఆడాడు. "ఎంత మంచి మనసయ్యా నీది" అంటూ ఆవిడ కళ్లొత్తుకుని, బంగారు రంగు డబ్బా వెతకడానికి లోపలికి వెళ్లింది.