మంచం మోసిన నలుగురు

మా చిత్తూరు చర్చిలో పేరు లేని వస్తువు లేదు. బెంచీ మీద ఇచ్చినవాడి పేరు, ఫ్యాను రెక్క మీద ఇచ్చినవాడి పేరు. మూడో ఫ్యాను నాది. తిరిగితే పేరు కనపడదని మండుటెండల్లో కూడా కాసేపు ఆపించేవాణ్ణి.

1981 నాటికి మా సంఘంలోని జయరావు మామిడిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగి రెండేళ్లు. మంచం దిగలేడు. సంఘ పెద్దలం నలుగురం నెలనెలా వెళ్లి ప్రార్థన చేసి, ఆయన భార్య దేవకమ్మ ఇచ్చే కాఫీ తాగి వచ్చేవాళ్లం. ప్రతిసారీ నేను చదివేది ఒకటే కథ. పక్షవాత రోగిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, జనం అడ్డమైతే ఇంటికప్పు విప్పి యేసు ముందు దించారు కదా, అది. నేను చదివితే రాయి కూడా కరుగుతుందని నా నమ్మకం.

ఆ జూన్‌లో జయరావు నోరు తెరిచి అడిగాడు. “అన్నా, ఒక్కసారి గుడిలో అందరితో కలిసి ప్రభువు రొట్టె తీసుకోవాలని ఉండాది. వచ్చే ఆదివారం నన్ను ఎత్తుకోని పోతారా?”

మాలో ఒకరికి నడుము నొప్పి, ఒకరికి బీపీ, దొరస్వామికి ఇస్త్రీ చొక్కా. నేను మాత్రం, “విశ్వాసముంటే దేవుడు ఇంట్లోనే ఉంటాడప్పా” అన్నాను.

దేవకమ్మ గ్లాసులు తీస్తూ అడిగింది. “ఆ మంచం మోసినోళ్ల పేర్లేందన్నా?”

“బైబిల్లో రాయలేదమ్మా.”

“అదీ సంగతి. పేరు రాసేటట్టుంటే మీరూ మోసుందురు.”

ఆదివారం ఆరాధన మధ్యలో వాళ్ల పక్కింటి ఆదిమూలం, మరో ముగ్గురు మామిడి మండీ కూలీలు, నుదుట నామాలతో, జయరావు మంచం మోసుకొచ్చారు. వాకిలికి దొరస్వామి బెంచీ అడ్డం. వచ్చేవాళ్లందరికీ పేరు కనపడాలని అక్కడే వేయించాడు.

ఆదిమూలం పైకి చూసి పాస్టరుగారిని అడిగాడు. “కప్పు ఇప్పమంటావా సామీ? మా దేవకమ్మక్క కథంతా చెప్పింది.”

బెంచీ వెంటనే పక్కకు జరిగింది. జరిపింది మేమే, నలుగురు పెద్దలం. నడుములు బాగానే పనిచేశాయి.

రొట్టె నోట్లో పెట్టుకుని జయరావు ఏడ్చాడు. “దేవుడు నన్ను మర్సిపోలేదు దేవకీ. ఇంక బతుకుతాను” అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మోసినవాళ్ల పేర్లు చదువుదామని పాస్టరుగారు కాగితం తీశారు. వాకిట్లో ఎవరూ లేరు. మండీకి లారీ వచ్చిందని వెళ్లిపోయారట.

ఇక మంచం ఇంటికి చేరాలి. దేవకమ్మ మా వైపు చూసింది. దొరస్వామి ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. నేను తలాపి వైపు పట్టుకున్నాను.

రెండేళ్లు ఆ కథ చదివినా, మంచం ఇంత బరువుంటుందని నాకు తెలియలేదు.