ప్రభువా, దాటియ్యి

కొల్లాపూర్ దిగువన, కృష్ణ ఒడ్డున మా ఊరు. ఆ యేడు మా అన్న ఇస్రాయేలు వెదురు కొట్టే కూలికని ఏరు దాటి అవతలి అడవికి పోయాడు. తిరిగి రాకముందే వరద వచ్చింది. పుట్టి నడిపే పర్వతాలు గుండ్రటి తన తోలు పడవను ఒడ్డుకు గుంజి బోర్లించాడు.

అవతల చిక్కుకున్నవాళ్లు పొద్దుగూకే వేళ ఒడ్డున మంట వేస్తారు. బాగున్నామని చెప్పడం అది. ఆ వెడల్పుకు కేక అందదు. మా వదిన జానమ్మ రోజూ ఆ వేళకు పోయి ఒడ్డున రాతిగుండు మీద కూర్చునేది. అవతల చిన్న ఎర్రచుక్క కనబడ్డాకే లేచి వచ్చి పొయ్యి అంటించేది. చుక్క ఆలస్యమైతే మా బువ్వ కూడా ఆలస్యమే.

ఆదివారం ప్రార్థన గుడిసెలో ఒక్కొక్కరే లేచి ప్రార్థించేవాళ్లు. సంఘపెద్ద భిక్షపతి తాత మొదలుపెడితే ఆకాశమూ భూమీ సముద్రమూ అన్నీ వచ్చేవి. వదిన వంతు వస్తే లేచి, "ప్రభువా, దాటియ్యి" అని కూర్చునేది.

"గంతేనా బిడ్డా? పుట్టోన్ని పిలిచినట్టు పిలుస్తున్నవ్!" అన్నాడు తాత. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నాకు గదే వస్తది తాతా."

ఒక సాయంత్రం మంట కనబడలేదు. వాన కూడా లేదు.

"కట్టెలు తడిసినయేమో వదినా," అన్నాను.

ఆ రోజు పొయ్యి వెలగలేదు. పొద్దున వండిన జొన్న గటక తిని పడుకున్నాం.

తెల్లారగానే పర్వతాలు దగ్గరికి పోయాం.

"నీళ్లు ఇంకా ఎర్రగనే ఉన్నయ్. తేటబడనీ," అన్నాడు.

వదిన బోర్లించిన పుట్టి పక్కన కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన ఆముదంలో గుడ్డ ముంచి తోలు కుట్లకు రుద్దసాగింది. ఆ తోలు కుట్టింది మా నాయిన. చనిపోయే ముందు ఎండాకాలం ఆయన చేసిన ఆఖరి పని అది. ఆమె ఒక కుట్టూ విడవకుండా రుద్దుతుంటే పర్వతాలు చుట్ట తాగుతూ చూశాడు. చుట్ట అయిపోయింది. ఆమె పని కాలేదు.

"నీ మొండితనం పాడుగాను! లే. నీళ్లు తోడనీకె గా పిల్లను గూడ ఎక్కించు."

నడి ఏట్లో పుట్టి గిర్రున తిరిగింది. మా ఊరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఒక కుట్టు దగ్గర నీళ్లు ఊరుతున్నాయి. నేను చిప్పతో తోడుతూ మా నాయిన చేతివేళ్లను తలుచుకుంటున్నాను. వదిన కళ్లు మూసుకోలేదు. అవతలి ఒడ్డునే చూస్తూ, "దాటియ్యి, దాటియ్యి" అంటోంది.

"నన్నంటున్నవా, ఆయిననంటున్నవా?" అన్నాడు పర్వతాలు రొప్పుతూ.

"ఇద్దర్నన్నా."

అతను నవ్వి తెడ్డు బలంగా వేశాడు.

అవతల ఇసుకలో పాత బూడిద, దాని పక్కన పేర్చిన కట్టెలు ఉన్నాయి. కట్టెల పక్కనే అన్న గొంగడిలో ముడుచుకుని పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. పిడికిట్లో అగ్గిపెట్టె అలాగే ఉంది.

వదిన అతని తల ఎత్తింది. అన్న చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"జానమ్మా... రాత్రి మంట చూసినవా?"

వదిన పేర్చిన కట్టెల వైపు చూసింది. ఒక్కదానికీ మసి లేదు.

"చూసిన," అంది. "మస్తు కనబడ్డది."

తిరుగు దారిలో అన్న తల ఆమె ఒడిలో ఉంది. ఎండ తగలకుండా ఆమె కొంగు పట్టింది. పుట్టి మళ్లీ నడి ఏట్లోకి వచ్చి తిరగసాగింది. వదిన పెదవులు మళ్లీ కదలడం పర్వతాలు చూశాడు.

"పెనిమిటి దొరికె గద చెల్లే. ఇంకేమడుగుతున్నవ్?"

వదిన తల ఎత్తకుండానే అంది:

"ఇంకా ఒడ్డు రాలే గదన్నా."