తాగని చెవి

మా తాత రాజలింగు జీవితమంతా తాళ్లెక్కి కల్లు దించాడు గానీ, ముంతెడు కల్లు ఏనాడూ నోట్లో పోసుకోలేదు. ఆయన తండ్రి తాగి చెట్టెక్కి కిందపడి పోయాడట. ఆ దినాలు కాగానే తల్లి ఆయన చేత మోకు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది. కల్లు గీసే గౌండ్లవాడి ప్రాణం చెట్టు మీద ఉన్నంతసేపూ ఆ మోకు తాడులోనే ఉంటుంది కాబట్టి, దాని మీద పెట్టిన ఒట్టు తప్పడం కుదరదు. పెద్దవంగర చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా తాతను చూసి కడుపుబ్బ నవ్వేవాళ్లు. కల్లు తాగని గౌండ్లవాణ్ణి వాళ్లెక్కడా చూడలేదు మరి.

మా నాయనమ్మ ముత్తమ్మ మండువలో, అంటే తాళ్లవనంలోని కల్లు పాకలో, కల్లు పోసేది. ఆమె ముంతలు చూసి పోసేది కాదు, మొహాలు చూసి పోసేది. "కండ్లు సగం మూసి నవ్వుతున్నడా, ఇంకో ముంత పోయొచ్చు. కండ్లు సగం మూసి నవ్వుతలేడా, వాడు కొట్లాటకు తయారైతున్నడు. కింది పెదవి జారిందా, ఇగ బంద్" అని ఆమె లెక్క. ఆమె "ఇగ చాలు, లే" అంటే ఎంత మోతుబరి అయినా తువ్వాల దులుపుకుని లేవాల్సిందే. ఒక్క అమీనుకు మాత్రం ఆమె ఆ మాట అనలేకపోయేది. అమీనంటే ఆ నిజాం రోజుల్లో ఠాణాకు పెద్ద. ఆయన తాగేది వెట్టి కల్లు. వెట్టికి తాగేవాడికి చాలు అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఆయన ఎక్కి తిరిగే గుర్రమూ వెట్టిదే. తండాలో బాల్‌సింగ్ అనే లంబాడా ఆయన, పనికిరాదని ఎవరో వదిలేసిన కుంటి గుర్రప్పిల్లను తెచ్చి, తాను తినే జొన్న గటక దానికీ పెట్టి పెంచాడు. హీర్యా అని పేరు పెట్టుకున్నాడు. కుంటితనం పోయింది గానీ నడకలో దాని గుర్తు మిగిలింది. మూడు డెక్కలు గట్టిగా పడేవి, నాలుగోది మెత్తగా పడేది. అమీను చూశాడు, ముచ్చట పడ్డాడు, సర్కారు పని అన్నాడు, బాద్షా అని పేరు మార్చి తోలుకుపోయాడు. గుర్రం ఠాణాకు పోయింది, బాల్‌సింగ్ నిజాం మీద తిరగబడ్డ సంఘంలోకి పోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. బాల్‌సింగ్‌ను పట్టుకోవడానికి అమీను తిరిగేది ఆ గుర్రం మీదే. పాపం, తన నౌకరీ మారిందని గుర్రానికి ఎవరూ చెప్పలేదు. బాల్‌సింగ్ వాసన తగిలితే చాలు, జాతరలో తప్పిపోయిన పిల్లవాడు తండ్రిని చూసి కేకేసినట్టు సకిలించేది. మొన్నటికి మొన్న ఆయన జొన్నచేలో దాక్కుంటే అట్లాగే ప్రేమగా పలకరించింది. ఆ పలకరింపుకు ఆయన తొడలో తూటా దిగింది.

సంఘం వాళ్లు ఆయన్ను మోసుకొచ్చి మా ఇంట్లో, కుండల వెనక పడుకోబెట్టారు. తూటా తీశారు గానీ ఒళ్లు కాలిపోతోంది, కదిలిస్తే ప్రాణానికే ముప్పు. చూస్తే ఆరోజు అమీను వచ్చే రోజు. తాళ్లవనంలో మా మండువలో తాగి, మా వాకిలి ముందు నుంచే తొర్రూరు బాట పట్టడం ఆయన అలవాటు. మరో బాట లేదు. వాకిలి ముందుకు రాగానే గుర్రం ముక్కెగరేసి సకిలించిందంటే బాల్‌సింగ్ ఖతం, దాచిపెట్టిన మావాళ్లూ ఖతం.

బాల్‌సింగ్ భార్య కమ్లీ కూడా వెంట వచ్చింది. ఎవరూ గుర్తుపట్టకుండా ఆమె అద్దాల రవిక, గాజులు తీయించి నాయనమ్మ తన చీర కట్టించింది. కమ్లీ మాటిమాటికీ తన బోసి చేతులు చూసుకుంటోంది.

"గాజులు లేకుంటే ఇవి నా చేతులు గాదన్నట్టున్నయ్ అక్కా."

"చేతుల సంగతి తర్వాత చూద్దాం గని, గుర్రం నోరెట్ల మూద్దాం?" అంది నాయనమ్మ. జవాబు కోసం ఆగలేదు కూడా. "కల్లు పోద్దాం." ఏ ఆపదకైనా ఆమెకు తోచే మందు అదొక్కటే.

"తక్కువైతే హీర్యా ఒర్రుతడు. ఎక్కువైతే పడిపోతడు. పడితే అమీను ఊకుంటడా? ఊరంత పండబెట్టి కొడతడు," అంది కమ్లీ.

"నేను మొహం జూసి పోస్త గదా."

"గుర్రం మొహం వేరే ఉంటదక్కా."

"తాగినంక అన్ని మొహాలు ఒక్కటే పిల్లా. నువ్వు నాకు చెప్పకు." అంతలో నాయనమ్మకు మరో అనుమానం వచ్చింది. "అవునే, నిన్ను జూసి ఒర్రడా వాడు?"

కమ్లీ మూతి ముడుచుకుంది. "నన్ను జూస్తే మూతి సాపుతడు, గంతే. పొద్దుమాపు తిండి పెట్టింది నేను, పిలిచేది ఆయన్ని. తిండి పెట్టేదాన్ని ఎవరు పిలుస్తరు? పిలవకున్నా వస్తదని తెలుసు గదా."

"మా ఇంట్ల గూడ గదే కథ," అని నాయనమ్మ మా తాత వైపు చూసింది. తాత మోకు సర్దుకుంటున్నట్టు నటించాడు.

అమీను వచ్చాడు. తాటాకు పందిరి కింద మంచం మీద కూలబడ్డాడు. వెంట వచ్చిన జవాను పక్కనే చతికిలబడ్డాడు. వాళ్లకు నిండు కుండ అందించి, నాయనమ్మ తడిక వెనక్కి వచ్చింది. అక్కడ తాత గుర్రం పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. తొట్టిలో తవుడు కలిపిన కల్లు పెట్టి ఉంది. గుర్రం కమ్లీని చూసి, ఆమె చెప్పినట్టే చప్పుడు చేయకుండా మూతి చాపింది. ఆమె దాని నుదురు నిమిరి తొట్టి చూపించింది. అది ఒక్కసారి వాసన చూసి, ముఖం ముంచి తాగింది. అమీను దగ్గర ఉండి ఉండి ఊరికే వచ్చింది తాగే విద్య దానికీ అబ్బినట్టుంది.

కొంతసేపటికి దాని కనురెప్పలు బరువెక్కాయి.

"బంద్ చెయ్," అంది నాయనమ్మ గాబరాగా. "కండ్లు సగం మూసిండు, నవ్వుతలేడు. తంతడిగ."

"గుర్రం నవ్వదక్కా!"

"నవ్వకుంటె ఎట్ల తెలుస్తది మరి?"

కమ్లీ ఆమెను దగ్గరికి లాగి గుర్రం మొహం చూపించింది. ఎప్పుడో దాని డెక్కలో ముల్లు దిగితే, తండా నాయక్ ఇప్పసారా పట్టించి తీశాడట. అప్పుడు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆమే. "ఇగో, కన్ను మీద ముడత ఉండె గదా, సాపైంది. అంటే లోపల భయం పోయింది. ముక్కుపుటాలు జూడు, బిగువు లేదు. ఇగ పెదవి రావాలె."

పెదవి వచ్చింది. కింది పెదవి మెల్లగా సడలి, లోపలి గులాబీ రంగు కనపడేటట్టు వేలాడింది. తాత నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వేలమంది తాగే కల్లు దించాడు గానీ, అది తాగిన మొహాన్ని ఇంత దగ్గరగా చూడటం ఆయనకు అదే మొదలు. ఆయన ఎప్పుడూ చెట్టు మీదే ఉండేవాడు కదా.

"పెదవి జారింది, ఇగ బంద్. ఇది నా లెక్క," అంది నాయనమ్మ.

కమ్లీ గుర్రానికి ఎడమ పక్కన నిలబడి, ఊపిరంత గొంతుతో "హీర్యా" అంది. రెండు చెవులూ నిటారుగా లేచాయి.

"చూసినవా? మొహం తాగింది, చెవులు ఇంక తాగలే. చెవులు వినంగనే నోరు ఒర్రుతది."

నాయనమ్మకు కోపం వచ్చింది. ఇన్నేళ్ల తన విద్యలో చెవుల లెక్క లేదు. మనుషుల చెవులు ఎటూ కదలవు, ఆమె మాత్రం ఏం చేస్తుంది? విసురుగా ఇంకాస్త కల్లు పోసింది. మెల్లగా చెవులు రెండూ పక్కలకు వాలిపోయాయి. కమ్లీ మళ్లీ పిలిచింది. కుడి చెవి కదల్లేదు. ఎడమ చెవి కొస మాత్రం జర వణికింది.

"గీ ఒక్క చెవి ఇంక తాగలేదక్కా."

"తల జూడు! మోకాళ్ల కాడికొచ్చింది. ఇంకో చుక్క పోస్తే ఈడనే పండుతడు. గా చెవిని దేవునికి వదిలెయ్."

ఇంతలో పందిట్లోంచి "ఘోడా లావ్!" అని గుర్రం తెమ్మనే కేక వినపడింది. తాత పగ్గం నాయనమ్మ చేతికిచ్చి, అనుకున్న ప్రకారం పక్కదారిన ఇంటికి పరుగెత్తి, తలుపు దగ్గర అరుగు మీద కాపలాగా కూర్చున్నాడు. జవాను మంచం కింద గురక పెడుతున్నాడు. అమీను రెండుసార్లు జారి, మూడోసారి జీను మీదికి ఎక్కాడు. పొద్దంతా గుర్రం మొహం చూడటంలో పడి, ఆయన మొహం ఎవరూ చూడలేదు. ఆయన ముందున్న కుండ ఎప్పుడో ఖాళీ అయింది.

గుర్రం నడిచింది. వెనక నాయనమ్మ ముంతల గంప నెత్తిన పెట్టుకుని, ఆమె వెనక కమ్లీ నెత్తిన కొంగు కప్పుకుని నడిచారు. మా వాకిలి దగ్గరపడింది. గుర్రం పెదవి వేలాడుతూనే ఉంది. తల వంగే ఉంది. వాసన తగిలిందో లేదో, సకిలించలేదు. నాయనమ్మ ఎల్లమ్మ తల్లికి కోడిపుంజును మొక్కుకుంది. గుర్రం వాకిలి దాటబోతోంది.

అప్పుడు ఇంట్లోంచి కేక వచ్చింది.

"ఓ... హొయ్ హొయ్ హొయ్!"

బాల్‌సింగ్. జ్వరం మత్తులో ఉన్న మనిషి చెవిన డెక్కల చప్పుడు పడింది. మూడు గట్టివి, ఒకటి మెత్తనిది. సాయంత్రాలు నీళ్లకు పిలిచే పిలుపు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. పొద్దటి నుంచి గుర్రం నోరు మూయడానికి ముగ్గురు తిప్పలు పడ్డారు, మనిషి నోటి సంగతి ఒక్కరికీ తట్టలేదు.

గుర్రం సకిలించలేదు. దాని ఎడమ చెవి మాత్రం లేచి తలుపు వైపు తిరిగింది. ఆ చెవి వెంట అమీను కళ్లూ తిరిగాయి.

"ఎవడ్రా వాడు? కౌన్ హై?"

నాయనమ్మ గంప కింద పడేసింది. ముంతలు దొర్లిపోయాయి. ఒక్క ఉరుకులో అరుగు దగ్గరికి వెళ్లి మా తాత వీపు మీద ఫెడేల్మని చరిచింది.

"సిగ్గు శరం లేదానయ్యా! పొద్దుగాల్ల మొదలుపెట్టి తాగుడు, తాగి బాటకొచ్చి ఒర్లుడు! సర్కారోళ్లు పోతుంటే గూడ గిట్లనేనా?"

జన్మలో చుక్క ముట్టని మనిషికి ఆ దెబ్బ ఎంత తగిలిందో ఆయనకే తెలుసు. అమీను గుర్రాన్ని అరుగు దాకా తెచ్చి వంగాడు. "వీడేనా? ఇటు జూడు. మొహమెత్తు."

తాగినట్టు ఉండటం ఎట్లాగో తాతకు తెలియదు. ఎంత ఆలోచించినా ఆయనకు ఒక్క మొహమే గుర్తొచ్చింది. నుదుటి మీది ముడత వదిలేశాడు. ముక్కు బిగువు తీసేశాడు. రెప్పలు సగం దించి, మెడ వాల్చి, కింది పెదవిని దాని ఇష్టానికి వేలాడేశాడు. చెవులు ఒక్కటే ఆయన చేతిలో లేకుండా పోయాయి.

"ఏదీ, మల్ల ఒర్లు," అన్నాడు అమీను.

"ఓ... హొయ్... హొయ్..." అన్నాడు తాత, వేలాడే పెదవితోనే.

లోపల కమ్లీ మొగుడు మళ్లీ పలకకూడదు. కమ్లీ చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అమీను తాత మొహం చూశాడు. అరుగు పక్కన వాలిన గుర్రం మొహం చూశాడు. మళ్లీ తాత మొహం చూశాడు.

"అరే! దోనో ఏక్ జైసే! రెండు మొహాలు ఒక్కతీరే!" అని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి సగంలో ఆగాడు. "నా బాద్షా గూడ తాగిండా ఏంది?"

"ఎండ సాబ్, ఎండ," అంది నాయనమ్మ. "గీ ఎండకు పశువు, మనిషి అందరి మొహాలు గట్లనే అయితున్నయి."

ఆమె అబద్ధం చెప్పలేదు. రెప్పలు సగం వాలి, పెదవి జారి, మూడో మొహం అమీనుదే ఉంది. తన మొహం తనకు కనపడదు కాబట్టి ఆయనకు ఆ సంగతి తెలియదు. గుర్రాన్ని అదిలించి, నవ్వుకుంటూ తొర్రూరు బాట పట్టాడు.

అప్పుడు కమ్లీ చూసింది. తల వంచుకునే పోతోంది హీర్యా, పెదవి వేలాడుతూనే ఉంది, కుడి చెవి వాలిపోయి ఉంది. ఎడమ చెవి మాత్రం వెనక్కి, మా ఇంటి తలుపు వైపు తిరిగి ఉంది. బాట మలుపు తిరిగేదాకా అట్లాగే ఉంది. కమ్లీ నవ్వు ఆపుకోలేక, ఏడుపు ఆపుకోలేక వాకిట్లోనే కూలబడింది.

పొద్దుగూకేటప్పటికి బాల్‌సింగ్‌కు చెమట పట్టి జ్వరం దిగింది. కళ్లు తెరిచి ముందు అడిగింది ఇదే. "నేను పిలిచిన కమ్లీ. హీర్యా పలకలే. నన్ను మరిచిండా?"

మరిచిపోయేటట్టు తాపింది తానేనని కమ్లీకి చెప్ప బుద్ధి కాలేదు. బోసి చెయ్యి ఎత్తి తల పక్కన పెట్టుకుంది. వేళ్లు చెవిలా దగ్గరికి చేర్చి, ఆయన వైపు తిప్పింది.

"నోరు పలకలే. చెవి గిట్ల పెట్టిండు. మలుపు దాక గిట్లనే పెట్టిండు."

బాల్‌సింగ్ ఆ చేతిని చూస్తూ చూస్తూ నిద్రపోయాడు. ఆయన నిద్రపోయినా ఆమె చెయ్యి దించలేదు. గటక తీసుకుని వచ్చిన నాయనమ్మ గుమ్మంలో నిలబడి అది చూసి, గిన్నె అక్కడే పెట్టి వెనక్కి వచ్చింది. తన పెండ్లాం ఒక్క మాటా అనకుండా వెనక్కి రావడం తాను చూసింది ఆ ఒక్కసారే అని మా తాత చచ్చేదాకా చెప్పేవాడు.